ఇంటి మరమ్మతులకు చేతి పనిముట్ల ఎంపిక: తిరుపతి, చిత్తూరు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని

సొంతిల్లు కట్టుకున్నవారైనా, అద్దె ఇంట్లో దిగినవారైనా ఏదో ఒక రోజు హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి ఇంటి పనులకు పనికొచ్చే సామాను చూపించమని అడుగుతారు. అక్కడ ముందుగా కంటబడేది ప్లాస్టిక్ పెట్టెలో చక్కగా అమర్చిన సెట్టు. పెట్టె మీద 46 ముక్కలనో, 108 ముక్కలనో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. తెరిచి లెక్కపెడితే వాటిలో ఎక్కువ భాగం వేలెడంత కూడా లేని స్క్రూ బిట్లు, సాకెట్లే. ఇంటికి నిజంగా అక్కరకొచ్చే సుత్తి, ప్లయర్, స్పానర్ అందులో ఉన్నా, ధర అంతా ముక్కల సంఖ్య మీద నిలబడినందువల్ల వాటి ఉక్కు నాణ్యతలో రాజీ పడక తప్పదు. ఇంతకంటే మేలైన దారి ఒకటుంది. ఇల్లు ఏయే మరమ్మతులు అడుగుతోందో ముందు గమనించి, వాటికి తగిన పనిముట్లను ఒక్కొక్కటిగా, విడివిడిగా ఎంచుకోవచ్చు. ఎంచుకునేటప్పుడు పిడి రంగును, పెట్టె సోకును పక్కనబెట్టి, ఆ పనిముట్టు నట్టునో స్క్రూనో కొయ్యనో తాకే ఆ అరంగుళం మేర ఎలా ఉందో చూడాలి. పనిముట్టు మంచిదా కాదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

తిరుపతి, చిత్తూరు ఇళ్లకు ఎక్కువగా వచ్చే ఇబ్బందుల్లో మొదటిది నీటితోనే వస్తుంది. ఈ ప్రాంతం చాలావరకు గ్రానైటు, నైసు వంటి గట్టి రాతి నేల. ఆ రాతి పగుళ్ల నుంచి బోర్లు తోడే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం. వేరే ఆధారం లేనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. బకెట్ల అంచుల మీద, గీజరు లోపల, కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకునే సున్నపు పొర ఆ లవణాలదే. కుళాయి లోపల పిడితో పాటు తిరిగే కడ్డీ, అంటే స్పిండిల్ చుట్టూ ఆ పొర గట్టిపడితే పిడి తిరగడం కష్టమవుతుంది. వాషరు కూర్చునే చోట పేరుకుంటే ఎంత బిగించినా బొట్టు ఆగదు. అలాంటప్పుడు చాలామంది కుళాయినే మార్చేస్తారు. నిజానికి వాషరు మార్చి, స్పిండిల్‌ను కాసేపు నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టి శుభ్రం చేస్తే పాత కుళాయే మళ్లీ పనిచేసే సందర్భాలు చాలా ఉంటాయి. ఆ పనికి కావలసిన పనిముట్లు రెండే: ఒక స్క్రూడ్రైవరు, ఒక మంచి స్క్రూ స్పానరు.

స్క్రూ స్పానరు ఎంపికలోనే చాలామంది మోసపోతారు. 19వ శతాబ్దం చివర్లో స్వీడన్‌కు చెందిన యోహాన్ పెట్టర్ యోహాన్సన్ ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చిన ఈ పనిముట్టులో ఒక దవడ స్థిరంగా ఉంటుంది, రెండోది మరచుట్టు తిప్పితే జరుగుతుంది. దుకాణంలో చూడవలసింది జరిగే దవడనే. దాన్ని సగం వరకు తెరిచి, బొటనవేలితో అటూ ఇటూ కదిపితే ఎంత ఊగుతోందో తెలుస్తుంది. ఊగులాట ఎక్కువైతే నట్టు మూలల మీద మాత్రమే బలం పడి, ఇత్తడి నట్టు నాలుగు తిప్పులకే గుండ్రబడిపోతుంది. రెండు దవడలూ పూర్తిగా మూసినప్పుడు మధ్యలో వెలుతురు ఏకరీతిగా కనబడాలి, లేదా అసలు కనబడకూడదు. ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా కనబడితే దాన్ని పక్కన పెట్టేయడం మంచిది. ఇంటికి 8 అంగుళాలదో 10 అంగుళాలదో సరిపోతుంది. వాడేటప్పుడు లాగే బలమంతా స్థిరంగా ఉన్న దవడ మీద పడేలా పట్టుకోవాలి. తిరగేసి పట్టుకుంటే జరిగే దవడ మీద ఒత్తిడి పడి, ఎంత మంచి స్పానరైనా కొద్ది రోజుల్లో వదులవుతుంది.

పైపు రెంచి సంగతి వేరు. దాని దవడలకు ఏటవాలు పళ్లుంటాయి. లాగే కొద్దీ పైపును మరింత గట్టిగా కరుచుకుంటాయి. గుండ్రటి జీఐ పైపును, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపును పట్టడానికి అదే సరైనది, మెరుగు పూసిన కుళాయికి మాత్రం అదే శత్రువు. ఒక్కసారి పట్టిస్తే క్రోమియం పూత మీద పళ్ల గాట్లు శాశ్వతంగా మిగిలిపోతాయి. పాత ఇళ్లలో గోడ లోపల జీఐ పైపులు ఇంకా ఉన్న చోట మరో జాగ్రత్త అవసరం. గోడ బయటికి వచ్చిన కుళాయిని ఒక స్పానరుతో విప్పుతున్నప్పుడు, దాని వెనక ఉన్న సాకెట్టును రెండో రెంచితో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే కుళాయితో పాటు గోడలోని పైపు కూడా తిరిగి, తుప్పు పట్టిన మర లోపలే విరుగుతుంది. అప్పుడు వాషరుతో పోయే పని కాస్తా గోడ పగలగొట్టే పని అవుతుంది. పీవీసీ, సీపీవీసీ ప్లాస్టిక్ అమరికలున్న కొత్త ఇళ్లలో సమస్య దీనికి తలకిందులు: అక్కడ బలం ఎక్కువైతేనే ప్రమాదం. టెఫ్లాన్ టేపును మర తిరిగే దిశలోనే చుట్టి, చేతితో బిగించి, ఆపైన స్పానరుతో కొద్దిగా తిప్పితే చాలు. పొడవైన పిడి ఉన్న స్పానరు ఇచ్చే ధైర్యం వల్లే ప్లాస్టిక్ సాకెట్లు చిట్లుతాయి కాబట్టి ఇలాంటి పనికి 6 అంగుళాల చిన్న స్పానరే మేలు.

ఇక తలుపుల సంగతి. ఈ ప్రాంతంలో వానలు గట్టిగా కురిసేది ఈశాన్య రుతుపవన కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో తలుపు రెక్కలు ఉబ్బి ద్వారబంధానికి రాసుకోవడం, గడియ పడకపోవడం ఇంటింటా ఉండేదే. కొయ్య గాలిలోని చెమ్మను పీల్చుకున్నప్పుడు నారకు అడ్డంగా పెరుగుతుంది. నార వెంబడి పొడవులో దాదాపు మార్పు ఉండదు. అందుకే తలుపు ఎత్తు అంతగా మారకపోయినా వెడల్పు పెరుగుతుంది. నవంబరులో తలుపు పడటం లేదని చిత్రిక పట్టి అంచు చెక్కించిన ఇంట్లో, ఏప్రిల్, మే నెలల ఎండలకు కొయ్య ఆరి ముడుచుకున్నాక అదే అంచున వేలు దూరేంత సందు కనబడుతుంది. చెక్కడానికి ముందు మడతబందులను చూడటం తెలివైన పని. తలుపు బరువుకు పై బందు స్క్రూలు వదులై రెక్క ముందుకు వాలినా సరిగ్గా ఇలాగే రాసుకుంటుంది. రెక్క చివర పట్టుకుని పైకి ఎత్తి చూస్తే ఆ ఊపు చేతికే తెలుస్తుంది. స్క్రూ రంధ్రం పెద్దదైపోతే వెదురు పుల్లను జిగురులో ముంచి రంధ్రంలో దిగగొట్టి, ఆరాక పైకి వచ్చిన ముక్క కోసేసి, అదే స్క్రూను మళ్లీ బిగిస్తే చాలావరకు కుదురుతుంది. అప్పటికీ రాసుకుంటుంటే, రాసుకున్న చోట మాత్రమే ఉప్పు కాగితంతో కొద్దిగా రుద్ది, చిత్రిక పనిని వానాకాలం దాటేదాకా ఆపాలి. కాబట్టి ఇంటికి చిత్రిక కంటే ముందు కావలసింది సరైన స్క్రూడ్రైవరు.

స్క్రూడ్రైవరు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంట్లో ఎక్కువగా వాడేదీ, ఎక్కువగా తప్పుగా కొనేదీ ఇదే. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత ఇళ్ల టేకు తలుపుల్లో, ద్వారబంధాల్లో కనబడే ఇత్తడి స్క్రూల తల మీద ఒకే గాడి ఉంటుంది. ఆ గాడికి సరిపడా వెడల్పు, సరిపడా మందం ఉన్న చదును మొన కావాలి. మొన సన్నదైతే గాడిలో మెలితిరిగి ఇత్తడి అంచును గీరేస్తుంది. గాడి కంటే వెడల్పైతే పక్కనున్న కొయ్యను చెక్కేస్తుంది. కొత్త అపార్టుమెంట్ల కప్‌బోర్డుల్లో కనబడేవి నక్షత్రపు గాడి ఉన్న స్క్రూలు. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంటు పొందిన ఆ గాడిలో మొన గట్టిగా నొక్కకుండా తిప్పితే పైకి జారుతుంది, జారిన ప్రతిసారీ గాడి కొంత అరుగుతుంది. మూడున్నర నుంచి ఐదు మిల్లీమీటర్ల మందం దాకా ఉండే స్క్రూలకు పీహెచ్2 అనే సైజు సరిపోతుంది. ఇంట్లో నూటికి తొంభై నక్షత్రపు స్క్రూలకు ఇదొక్కటే చాలు. చిన్న వస్తువులకు పీహెచ్1 తోడుంటే మంచిది. కప్‌బోర్డు తలుపుల స్ప్రింగు బందుల మీద మాత్రం నాలుగు పెద్ద గాడుల మధ్య వాలుగా సన్నటి గీతలు కనబడతాయి. అవి పోజీడ్రైవ్ స్క్రూలు. వాటికి పీజెడ్2 మొన వేరే ఉంటుంది. పీహెచ్2తో తిప్పితే తిరిగినట్టే ఉండి, నాలుగోసారికి గాడి పాడవుతుంది.

దుకాణంలో పరీక్షించే పద్ధతి తేలిక. ఇంటి నుంచి తీసుకెళ్లిన స్క్రూను మొన మీద నిలబెట్టి, స్క్రూడ్రైవరును అడ్డంగా పట్టుకోవాలి. అయస్కాంతం లేకపోయినా స్క్రూ కాసేపు నిలిచిందంటే మొన గాడిలో నిండుగా కూర్చుందని అర్థం. క్రోమ్ వెనేడియం అని కడ్డీ మీద అచ్చు వేసి ఉన్నంత మాత్రాన మొన సరిగ్గా చేసినట్టు కాదు. పిడి విషయంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: పిడి ఎంత లావైతే అంత మెలి బలం దొరుకుతుంది. అందువల్ల పెద్ద స్క్రూలకు అరచేతి నిండా పట్టే పిడి కావాలి, స్విచ్చుబోర్డులోని చిన్న స్క్రూలకు సన్నని పిడే మేలు. అక్కడ బలం ఎక్కువైతే ఇత్తడి టెర్మినల్ మర తెగుతుంది.

విద్యుత్తు పనికి టెస్టరు ఇంటింటా ఉంటుంది గాని, అది చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో తెలియకుండా వాడటం ప్రమాదకరం. టెస్టరు లోపల చిన్న నియాన్ దీపం, దానికి వరుసలో అత్యధిక నిరోధకం ఉంటాయి. మొన ఫేజును తాకి, పిడి చివరి లోహాన్ని వేలు తాకినప్పుడు 230 వోల్టుల సరఫరా నుంచి మిల్లీయాంపు కంటే చాలా తక్కువ విద్యుత్తు శరీరం గుండా నేలకు చేరి దీపం వెలుగుతుంది. దీన్నిబట్టే దాని పరిమితులు తెలుస్తాయి. ఎండ పడే చోట దీపం వెలిగినా కంటికి కనబడకపోవచ్చు. ఎత్తైన చెక్క స్టూలు మీద మందపాటి రబ్బరు చెప్పులతో నిలబడితే వెలుగు బాగా మసకబారవచ్చు. కాబట్టి దీపం వెలగలేదు కనుక కరెంటు లేదని తీర్మానించడం తప్పు. పనిచేస్తున్న సాకెట్టులో ముందు ఒకసారి వెలిగించి చూసుకుని, ఆ తర్వాతే అనుమానమున్న చోట పెట్టాలి. న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగితే సాకెట్టు రెండు రంధ్రాల్లోనూ దీపం వెలగవచ్చు. అది ఎలక్ట్రీషియన్‌ను పిలవవలసిన సూచన. టెస్టరును స్క్రూడ్రైవరులా వాడి గట్టి స్క్రూలు తిప్పడం మరో చెడ్డ అలవాటు. మొన వంకరపోవడం ఒక్కటే నష్టం కాదు, కడ్డీ మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే రక్షణే పోతుంది.

కటింగ్ ప్లయర్ కొనేటప్పుడూ తొడుగు విషయమే ముఖ్యం. రంగు రంగుల రబ్బరు తొడుగు ఉన్న ప్రతి ప్లయరూ విద్యుత్తు నుంచి కాపాడదు. కొన్నింటికి అది పట్టు కోసం వేసింది మాత్రమే. ఐఈసీ 60900 ప్రమాణం పాటించిన పనిముట్ల మీద ఒకదానిలో ఒకటి చేరిన రెండు త్రిభుజాల గుర్తు, పక్కనే 1000 వోల్టులన్న అంకె ఉంటాయి. ఆ గుర్తున్న ప్లయరు చేతిలో ఉన్నా మెయిన్ ఆపకుండా బోర్డు తెరవకూడదు. ఈ మాట ఎన్నిసార్లు రాసినా ఎక్కువ కాదు, ముఖ్యంగా స్నానాల గదిలో తడి కాళ్లతో గీజరు స్విచ్చు విప్పే అలవాటున్న ఇళ్లకు. స్విచ్చు, సాకెట్టు, హోల్డరు మార్చడం వరకే ఇంటివారి పని. మెయిన్ బోర్డు, ఎర్తింగు, గీజరు లోపలి భాగాలు నేర్చినవారికే వదిలిపెట్టాలి. ప్లయరు కోత అంచులను పరీక్షించడానికి పలుచని కాగితం ముక్క చాలు. అంచు పొడవునా కాగితం తెగితే మంచిది. మధ్యలో మడతపడి నిలిచిపోతే సన్నని రాగి తీగను కూడా అది నలుపుతుందే తప్ప కోయదు.

రింగు, ఓపెన్ స్పానర్ల సెట్టు మొత్తం కొనవలసిన అవసరం చాలా ఇళ్లకు ఉండదు. ఇంట్లో తరచు తగిలే ఎం6 బోల్టు, అంటే 6 మిల్లీమీటర్ల మందపు బోల్టు తలకు 10 మిల్లీమీటర్ల స్పానరు, ఎం8కు 13 మిల్లీమీటర్లది పడతాయి. ఒక 10-11, ఒక 12-13 ఉంటే ద్విచక్ర వాహనపు చిన్న పనులు కూడా సాగుతాయి. విడి భాగాలు బిగించుకునే మంచాలకు, బల్లలకు 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు (ఆరు పలకల వంపు కడ్డీలు) కావాలి.

కొలత పనిముట్లలో టేపు అంగుళాలను, మిల్లీమీటర్లను రెండింటినీ చూపేదై ఉండాలి. ఈ ప్రాంతపు వడ్రంగులు నేటికీ అడుగులు, అంగుళాలు, నూళ్ల లెక్కలోనే మాట్లాడతారు, అంగుళంలో ఎనిమిదో వంతు నూలు. దుకాణంలో అమ్మే బందులు, డ్రిల్లు బిట్లు మాత్రం మిల్లీమీటర్లలో ఉంటాయి. టేపు చివరి కొక్కెం కొద్దిగా కదులుతుంటే అది లోపమని కొందరు వెనక్కి ఇచ్చేస్తారు. అది కావాలని చేసిందే. అంచుకు తగిలించి కొలిచినప్పుడు కొక్కెం బయటికి, గోడకు నొక్కి కొలిచినప్పుడు లోపలికి, దాని మందమంతే జరిగి రెండు కొలతలనూ సరిచేస్తుంది. వాలు ఉందో లేదో బుడగతో చూపే రసమట్టాన్ని దుకాణంలోనే పరీక్షించవచ్చు: గల్లా బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడ నిలిచిందో చూసి, అదే చోట అటు చివర ఇటు తిప్పి పెట్టాలి. బుడగ రెండుసార్లూ బల్లకు ఒకే వైపు, ఒకే దూరంలో నిలిస్తే బల్ల వాలుగా ఉన్నా రసమట్టం సరైనదే. వైపు మారితే తప్పు రసమట్టానిది.

సుత్తి 300 నుంచి 500 గ్రాముల మధ్య, ఒకవైపు మేకులు పీకే కొమ్ములున్నది ఇంటికి అనువు. కొయ్య పిడి చేతికి హాయిగా ఉంటుంది గాని, నడివేసవి ఎండలకు కొయ్య ముడుచుకుని తల వదులవుతుంది. అప్పుడు నీళ్లలో నానబెడితే తాత్కాలికంగా బిగుస్తుంది, ఆరాక ముందుకంటే ఎక్కువ వదులవుతుంది. పిడి తలలో కొత్త చీలముక్క (వెడ్జ్) దిగగొట్టడమే సరైన చికిత్స. హ్యాక్సా ఫ్రేముకు 12 అంగుళాల బ్లేడు బిగించేటప్పుడు పళ్ల మొనలు ముందుకు చూడాలి, ఎందుకంటే కోత ముందుకు తోసేటప్పుడే జరుగుతుంది. అంగుళానికి 24 పళ్లున్న బ్లేడు పీవీసీ పైపుకూ, ఇనుప కడ్డీకీ పనికొస్తుంది. పలుచని రేకుకు 32 పళ్లది కావాలి. పైపు వంకర లేకుండా అడ్డంగా తెగాలంటే దాని చుట్టూ కాగితం చుట్టి, కాగితం అంచులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కలిసేలా చూసి, ఆ అంచు వెంబడి గీత గీసుకుంటే చాలు.

మన దేశంలో చేతి పనిముట్ల తయారీకి పంజాబులోని జలంధర్, లూధియానా, మహారాష్ట్రలోని నాసిక్ పేరున్నవి. పేరున్న కంపెనీల గుర్తులను పోలిన నకిలీలూ తిరుగుతుంటాయి కాబట్టి బిల్లు అడిగి తీసుకోవడం, అచ్చు వేసిన అక్షరాలు ఉక్కులోకి దిగి ఉన్నాయో, పైపైన అంటించినవో చూడటం అవసరం. అయితే కొన్ని పనిముట్లకు కంపెనీ గుర్తే ఉండక్కరలేదు. ఊరి కమ్మరి కొలిమిలో లారీ కమాను పట్టాతో చేసిన ఉలి, సరిగ్గా పదును పెట్టి, సరిగ్గా నీళ్లు పోసినదైతే (కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచినదైతే), పెట్టెలో వచ్చే ఉలి కంటే ఎక్కువ కాలం పదును నిలుపుకుంటుంది. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల ఊళ్లో కొయ్య బొమ్మలు చెక్కేవారి పని చూసినవారికి ఉలి పదును విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో ఉలిని రాయి మీద, నీళ్లో నూనో వేసి పదును పెట్టాలి. గ్రైండరు మీద పట్టించి, అంచు నీలి రంగుకు తిరిగిందంటే ఉక్కు పదును నిలిపే గుణం అక్కడ పోయినట్టే. ఆ నీలి భాగమంతా అరగదీసేదాకా ఉలి మళ్లీ పనికిరాదు.

2021 నవంబరు వానలకు తిరుపతిలో చాలా ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు నేలకు దగ్గరగా పెట్టిన వస్తువులన్నీ తడిశాయి. అంత వరద లేకపోయినా, వానాకాలపు చెమ్మ మాత్రమే సరిపోతుంది ప్లయరు కీలు బిగుసుకోవడానికి, హ్యాక్సా బ్లేడు తుప్పు పట్టడానికి. పనిముట్లను వంటింటి సింకు కింద, స్నానాల గది అటక మీద పెట్టకుండా పొడి గదిలో ఎత్తున ఉంచి, దసరా ఆయుధ పూజకు తీసి తుడిచినప్పుడే కీళ్లకు, మరచుట్లకు కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తే ఆ వానాకాలం గడిచిపోతుంది. పూజ సరిగ్గా ఈశాన్య వానలకు ముందే వస్తుంది కాబట్టి అంతకంటే అనువైన సమయం ఉండదు.

ఇవన్నీ ఒకేసారి కొనక్కరలేదు. విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేస్తూ తిరుపతిలో అద్దెకుండేవారికి పీహెచ్2, ఒక చదును మొన స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, టెస్టరు, టేపు ఉంటే మొదటి ఏడాది గడుస్తుంది. సొంతిల్లున్నవారు వాటికి స్క్రూ స్పానరును, హ్యాక్సాను చేర్చుకోవాలి. రసమట్టం, ఉలి, చిత్రిక వంటివి ఆ పని నిజంగా వచ్చినప్పుడు తెచ్చుకుంటే చాలు. పలమనేరు, కుప్పం వైపు పాత రాతి గోడల ఇళ్లలో, ఇప్పటి కాంక్రీటు స్తంభాల్లో రంధ్రం వేయడం చేతి పనిముట్ల వల్ల అయ్యే పని కాదు. అక్కడ హ్యామర్ డ్రిల్లు తప్పదు. ఏడాదికి రెండుసార్లు వాడే యంత్రం ప్రతి ఇంటికీ ఎందుకు? అపార్టుమెంటు మొత్తానికి ఒకటి ఉన్నా సరిపోతుంది. కాని కార్బైడు మొన ఉన్న 6, 8 మిల్లీమీటర్ల బిట్లు మాత్రం ఎవరివి వారికి ఉండాలి. రాతిలో పని చేసేది, అరిగేది, వేడెక్కి పాడయ్యేది బిట్టే. నలుగురు వాడిన బిట్టు గ్రానైటు మీద గిరగిరా తిరుగుతుందే గాని లోపలికి దిగదు.